43 మంది చిన్నపిల్లలున్న కాలనీకి అంగన్‌వాడీ కేంద్రం: ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలనీ అమ్మ:

అందరికీ నమస్కారం. తిరుపతి జిల్లా, చంద్రగిరి వైపు ఒక పంచాయతీకి చెందిన కాలనీ మాది. 118 ఇళ్లు. ఇంటింటికీ తిరిగి రాసుకుంటే 520 మంది తేలారు. ఆరేళ్ల లోపు పిల్లలు 43 మంది: ఆర్నెల్లు నిండనివాళ్లు 4, అక్కణ్ణుంచి మూడేళ్ల లోపు 21, మూడు నుంచి ఆరేళ్ల మధ్య 18. గర్భిణులు 5 మంది.

అంగన్‌వాడీ పెద్ద ఊళ్లో ఉంది. 1.8 కిలోమీటర్ల దూరం, మధ్యలో లారీలు ఆగకుండా పోయే రోడ్డు దాటాలి. నెలనెలా గుడ్లు, పాలు తెచ్చుకోవడానికి పెద్దవాళ్లు వెళ్తారు గానీ పిల్లల్ని రోజూ పంపేది రెండిళ్ల వాళ్లే. ఆడవాళ్లలో సగానికి పైగా తెల్లారి ఏడుకల్లా పనికి పోతారు. తిరుపతి హోటళ్లు, లాడ్జీలు, మామిడి తోటలు, ఉపాధి పనులు. చంటిబిడ్డను ఎనిమిదేళ్ల అక్క చంకన వేసుకుని తిరుగుతుంది, ఆ పిల్ల బడి అంతటితో సరి.

కేంద్రం కావాలని అడిగితే "ముందు స్థలం, బిల్డింగు చూపించండి, తర్వాత చూద్దాం" అన్నారు. మాకు పొదుపు సంఘాలు 9 ఉన్నాయి, అందరూ కలిసి వస్తామంటున్నారు. మూడు సంగతులు తెలియాలి. కేంద్రం అడిగే హక్కు మాకుందా, ఏ కాగితం ఎవరికివ్వాలి? డబ్బు ఏ పద్దుల్లోంచి వస్తుంది? బిల్డింగు లేచేదాకా పిల్లల సంగతేంటి?

సెక్టారు లెక్క:

అమ్మా, బిల్డింగు చూపిస్తేనే కేంద్రం అనే నిబంధన లేదు. మంజూరు జనాభాను, పిల్లల సంఖ్యను బట్టి. మామూలు గ్రామీణ ప్రాంతంలో 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం, 150 నుంచి 400 వరకు మినీ కేంద్రం. మీది 520, అంటే మెయిన్ కేంద్రానికే అర్హత. దానికి తోడు ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న స్పష్టంగా చెప్పింది: ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసం అడిగితే, అడిగిన నాటి నుంచి మూడు నెలల్లోగా ఇవ్వాలి. మీ అర్జీలో మొదటి పేరాలోనే ఈ తేదీ రాయండి.

ఇక్కడే జాగ్రత్త కావాలి. మీకు 43 ఉన్నారు, అంటే గీతకు పైన ముగ్గురే. అర్జీ నాలుగు నెలలు నలిగేలోపు నలుగురికి ఆరేళ్లు నిండితే "39 మందే కదా" అని తిప్పి పంపుతారు. అందుకే జాబితాలో వయసు రాయొద్దు, పుట్టిన తేదీ రాయండి. పైన "ఫలానా తేదీ నాటికి" అని లెక్క తేదీ వేయండి. గర్భిణుల పేర్లు, కాన్పు అంచనా తేదీలు కింద వేరే పట్టికగా పెట్టండి. మీ 5 కాన్పులూ అయితే సంఖ్య మళ్లీ నిలబడుతుంది. పుట్టిన తేదీకి తల్లీబిడ్డ కార్డు గానీ జనన ధ్రువపత్రం గానీ చూసి రాయాలి. నోటి మాట మీద రాసిన తేదీలు నాలుగు తప్పు తేలితే జాబితా మొత్తాన్నీ అనుమానిస్తారు.

చాలామంది మర్చిపోయే సంగతి ఇంకోటి. మీ పిల్లల పేర్లు ఇప్పటికే పెద్ద ఊరి కేంద్రం సర్వే రిజిస్టరులో, అంగన్‌వాడీల నమోదు యాప్ అయిన పోషణ్ ట్రాకర్‌లో ఉంటాయి. గుడ్లు, పాలు వస్తున్నాయంటే అర్థం అదే. మీరు వేరే కేంద్రం అడిగితే అక్కడి టీచరుకు పిల్లలు తగ్గుతారు, ఆమెకు భయం పుడుతుంది. కాబట్టి అర్జీ పెట్టకముందే ఆమెను కలవండి. మీ పేర్లు తీసేసినా ఆమె కేంద్రంలో ఎంతమంది మిగులుతారో ఆమె చేతే లెక్క వేయించండి. ఆ లెక్క కూడా జతచేస్తే సూపర్‌వైజరు రిపోర్టు సులువుగా వెళ్తుంది. ఆమెను పక్కనపెట్టి పైకి వెళ్తే మొదటి అడ్డంకి అక్కడే మొదలవుతుంది, తప్పు ఆమెది కూడా కాదు.

అర్జీలో రెండు దారులు అడగండి. ఒకటి, కొత్త కేంద్రం. రెండు, అదే ఐసీడీఎస్ ప్రాజెక్టులో (ఒక అధికారి కింద ఉండే కేంద్రాల పరిధి) పిల్లలు బాగా తగ్గిపోయిన కేంద్రాన్ని మీ కాలనీకి మార్చడం. దేశం మొత్తానికి మంజూరైన కేంద్రాలు 14 లక్షల దగ్గర ఆగి ఉన్నాయి, కొత్తది కావాలంటే ఫైలు రాష్ట్రం దాటాలి. మార్పిడి అయితే రాష్ట్రంలోనే తేలుతుంది. సీడీపీవోకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) అసలు, జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారికి నకలు. పంచాయతీ తీర్మానం నంబరు తప్పనిసరి. ముట్టినట్టు సంతకం, ముద్ర ఉన్న కాపీ మీ దగ్గర ఉండాలి.

మూడు వారాల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి. దాంతోపాటు "మా అర్జీ ఈ రోజుకు ఎవరి టేబుల్ మీద ఉంది, ఏం రాశారు" అని సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

నత్తం సర్వే:

హక్కు సంగతి పైన చెప్పారు. స్థలం మాత్రం వెనక్కి నెట్టొద్దు. మంజూరైన బిల్డింగులు ఆగిపోయేది డబ్బు లేక కాదు, ఎక్కువగా స్థలం కాగితం లేకే.

కొలత ముందు చూసుకోండి. కేంద్రం లోపలి వైశాల్యం కనీసం 600 చదరపు అడుగులు ఉండాలి: పిల్లలు కూర్చునే గది, వేరే వంటగది, స్టోరు, పిల్లలకు తగ్గ మరుగుదొడ్డి. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. మెట్లు, ర్యాంపు, మరుగుదొడ్డి గుంతలు కలుపుకుంటే 3 సెంట్లకు తక్కువైతే ఇరుకు. 5 సెంట్లుంటే ఆడుకోవడానికి నేల మిగులుతుంది.

మొదట చూడాల్సింది ప్రైమరీ స్కూలు ఆవరణ. కాలనీలోనో పక్కనో బడి ఉండి, వాడని గది గానీ ఖాళీ మూల గానీ ఉంటే అంతకు మించింది లేదు. స్థలం ప్రభుత్వానిదే, నీళ్లుంటాయి, అక్కకు చెల్లికి ఒకే దారి. హెడ్మాస్టరు, ఎంఈవో (మండల విద్యాధికారి) ఇద్దరి నుంచి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తీసుకోవాలి.

తర్వాత గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన నత్తం భూమి. సచివాలయంలో గ్రామ సర్వేయరు చేత కొలిపించి, హద్దులు వేసి, స్కెచ్చు తీసుకుని తహసీల్దారు ద్వారా స్వాధీన పత్రం రాయించుకోవాలి. చెరువు, వాగు, కుంట పోరంబోకు ఎంత ఖాళీగా కనబడినా తలపెట్టొద్దు. ఈరోజు ఎవరూ అడగకపోయినా, రేపు ఒక్క ఫిర్యాదుతో పని ఆగిపోతుంది. పైగా వానొస్తే నీళ్లు నిలిచేదీ అక్కడే.

ఎవరైనా పుణ్యానికి ఇస్తామంటే మాటతో వదలొద్దు. స్థిరాస్తి దానం రిజిస్టరు అయితేనే చెల్లుతుంది, ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. దాత బతికుండగానే పుచ్చుకునేవాళ్లు అంగీకరించాలి. అంటే పంచాయతీ "స్వీకరిస్తున్నాం" అని తీర్మానం చేయాలి. ఈ తీర్మానం లేకుండా వదిలేసి, పెద్దాయన కాలం చేశాక కొడుకులొచ్చి అడ్డం పడితే గోడలు లేచిన చోట కూడా తాళం పడుతుంది.

అంచనా పుస్తకం:

డబ్బు సంగతి. ఒకే చోట ఒకే మొత్తంగా ఎవరూ ఇవ్వరు, ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్క ఏ పనికో తెలిసి అడిగితేనే వస్తుంది.

సక్షం అంగన్‌వాడీ, పోషణ్ 2.0 అనే కేంద్ర పథకం కింద ఉపాధి హామీతో కలిపి కట్టే బిల్డింగుకు యూనిట్ ధర 12 లక్షలుగా పెట్టారు: ఉపాధి హామీ 8, ఆర్థిక సంఘం నిధులు 2, మహిళా శిశు సంక్షేమ పద్దు 2. మూడు శాఖలు, మూడు బిల్లులు. మరుగుదొడ్డికి 36,000, తాగునీటికి 17,000 వేరే లెక్క. అద్దె కేంద్రానికి పల్లెలో నెలకు 2,000 వరకు ఇవ్వొచ్చు.

12 లక్షలను 600 చదరపు అడుగులతో భాగిస్తే అడుగుకు 2,000. బిల్డింగుకే సరిపోతుంది, ప్రహరీకి మిగలదు. మీ వైపు లారీల రోడ్డు ఉందంటున్నారు కాబట్టి గోడ, గేటు ముఖ్యం. దాన్ని మొదటి రోజే విడి పనిగా పెట్టించండి. బిల్డింగు అంచనాలో ఇరికిస్తే చివర కోసేసేది దాన్నే.

ఉపాధి హామీలో కూలి 60, మెటీరియల్ 40 అనే నిష్పత్తి ఉంది. బిల్డింగు అంటే సిమెంటు, ఇనుము, ఇటుక, అంతా మెటీరియలే. పంచాయతీలో కూలి పనులు (ఫారం పాండ్లు, కాలువ పూడికలు, తోటల గుంతలు) బాగా జరిగితే మెటీరియల్ వాటాకు చోటుంటుంది, లేకపోతే ఇంజినీరు ఎంత మంచివాడైనా చేయగలిగింది తక్కువ. కాలనీ వాళ్లు పని అడిగి చేసిన ప్రతి రోజూ ఆ బిల్డింగుకు చోటు పెంచుతుంది. ఈ సంగతి సంఘాల సమావేశంలో చెప్పండి, చాలామందికి తెలియదు.

పంచాయతీ వాటా రావాలంటే పని పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉండాలి. అందులో 9 అంశాలుంటాయి, మూడోది బాలల నేస్త గ్రామం. మీ పని దాని కింద రాయించండి. 15వ ఆర్థిక సంఘం (2021–26) గ్రాంట్లలో 60 శాతాన్ని కట్టడి నిధులుగా పెట్టారు: సగం పారిశుద్ధ్యానికి, సగం నీటికి. మిగతా 40 శాతమే పంచాయతీ తనిష్టంగా వాడుకునేది, దాని మీద సీసీ రోడ్ల వాళ్లందరి కన్నూ ఉంటుంది. అందుకే కేంద్రం మరుగుదొడ్డి, నీళ్ల ట్యాంకు పనులను కట్టడి నిధుల్లో అడగండి. అక్కడ పోటీ తక్కువ. ఆ 40 శాతంలోంచి 2 లక్షల వాటా ఒక్కటే అడిగితే సర్పంచికీ ఒప్పుకోవడం సులువు.

గ్రామసభకు పదిమంది కాదు, సంఘానికి ఐదుగురు చొప్పున 45 మంది వెళ్లండి. మాట్లాడి వచ్చేయకుండా మీ పని మినిట్స్‌లో ఎక్కిందో లేదో చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టండి.

కట్టేటప్పుడు చూడాల్సినవి రెండు. బేస్‌మెంటు 45 సెంటీమీటర్లు లేపితే, ర్యాంపు 1:12 వాలులో 5.4 మీటర్లు రావాలి. జాగా లేదని మీటరున్నరకు కుదించిన ర్యాంపు మీద ఏడో నెల గర్భిణి నడవలేదు, పిల్లలకు అది జారుడుబల్ల. రెండోది మరుగుదొడ్డి: గది కట్టి, టైల్స్ వేసి, ట్యాంకు నుంచి పైపు కలపకుండా బిల్లు చేస్తారు. నెలలో తాళం పడి, చీపుర్లు పెట్టుకునే గది అవుతుంది. కుళాయి తిప్పి నీళ్లొచ్చాయని చూశాకే పంచాయతీ నుంచి పూర్తయినట్టు రాయించండి. చేతులు కడిగే కుళాయి నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మూడేళ్ల పిల్లకు తనంతట తాను అందుతుంది.

కాలనీ అమ్మ:

చాలా మేలు చేశారు. ఒకాయన 4 సెంట్లు ఇస్తానంటున్నాడు, అది డీకేటీ పట్టా. తీసుకోవచ్చా? మరి బిల్డింగు వచ్చేదాకా పిల్లల సంగతి ఎవరైనా చెప్పండి. సంఘాల వాళ్లు ఒక ఇల్లు ఖాళీ చేసి ఇస్తామంటున్నారు.

నత్తం సర్వే:

డీకేటీ అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి. 1977 చట్టం కింద బదిలీకి ఆంక్షలున్నాయి, దాన పత్రం రాసినా చెల్లకపోవచ్చు. ఆయన మనసు మంచిదే, దారి మాత్రం వేరు: ఆ 4 సెంట్లు ప్రభుత్వానికి తిరిగి అప్పగిస్తున్నట్టు తహసీల్దారుకు రాసిస్తే, తహసీల్దారు దాన్ని కేంద్రానికి కేటాయించే అవకాశం ఉంటుంది. తహసీల్దారు దగ్గర తేలకముందు ఒక్క రాయి కూడా వేయొద్దు.

ఉగ్గుగిన్నె:

స్థలం వెనక్కి నెట్టొద్దన్న మాటతో నాకు పేచీ లేదు గానీ, మీ ఆవాసంలో ఇప్పుడు మూడేళ్ల లోపు పిల్లలు 25 మంది ఉన్నారు. బిల్డింగు రెండేళ్లకు లేస్తే అప్పటికి వాళ్లలో చాలామందికి ఆ వయసు దాటిపోతుంది. కాబట్టి రెండు పనులూ ఒకే వారం మొదలవ్వాలి.

సంఘాల ఇల్లు మంచి ఆలోచన. ముందు ఆ ఇంటినే అద్దె కేంద్రానికి అనువైనదని అర్జీలో చూపించండి, అప్పుడు "బిల్డింగు ఏదీ" అనే ప్రశ్నే రాదు. కేంద్రం వచ్చేదాకా పగటి సంరక్షణ నడపండి. చంటివాళ్లు పది, పన్నెండు మందికి ఇద్దరు ఆడవాళ్లు లేకపోతే కుదరదు. ఒకామె అన్నం పెడుతుంటే ఇంకొకామె కళ్లు తలుపు మీద ఉండాలి. రోజుకు 300 చొప్పున ఇద్దరికి 26 రోజులకు 15,600. ఇరవై ఇళ్లు రోజుకు 20 రూపాయలు వేస్తే 10,400. తగ్గే 5,200 తొమ్మిది సంఘాలు పంచుకుంటే ఒక్కోదానికి నెలకు 580 లోపే. ఇది ఎల్లకాలం మోయాల్సిన బరువు కాదు. పాల్నా అనే కేంద్ర పథకం కింద అంగన్‌వాడీ, క్రెష్ (పగలు చంటిపిల్లల్ని చూసుకునే చోటు) కలిపి నడిపే ఏర్పాటు ఉంది: నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. మీ అర్జీలో దాన్నీ అడగండి, తల్లులు పనికి బయల్దేరే వేళలు రాసి మరీ. తొమ్మిదికి తెరిచే కేంద్రం ఏడింటికి పోయే తల్లికి సగమే అక్కరకొస్తుంది.

ఉపాధి పని జరిగే చోట చిన్నపిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే, కూలీల్లో ఒకామెను పిల్లలు చూసుకోవడానికి పెట్టి ఆమెకు అదే కూలి ఇవ్వాలి. అడిగితేనే పెడతారు, మేటీకి (కూలీల గుంపును చూసే వ్యక్తికి) ముందు రోజే చెప్పండి. అక్కడ నీడ, నీళ్లు కూడా చూసుకోండి.

ఇంట్లో చూడాల్సినవి: నీళ్ల డ్రమ్ముకు బిగుతైన మూత, వంట చోటికి నడుమెత్తు తడిక, నేలకు దగ్గరగా ఉన్న ప్లగ్గులు మూసేయడం. చీర ఉయ్యాలలో పెద్ద పిల్లలు ఊగకుండా చూడాలి, ముడి మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

తిండి విషయంలో మన వైపు చేసే తప్పు పల్చటి రాగి గంజి. గరిటె వంచగానే నీళ్లలా జారిపోయే గంజి కడుపు నింపుతుంది గానీ ఒళ్లు పట్టదు. బిడ్డ పొట్ట చిన్నది, అందులో సగం నీళ్లే పోతాయి. గరిటె నుంచి ముద్దగా, నెమ్మదిగా జారేలా చిక్కగా కాచి, చెంచా నూనె గానీ నెయ్యి గానీ వేయాలి. వేయించిన చెనక్కాయ పప్పు మెత్తగా పొడికొట్టి కలపండి. పప్పు పప్పుగా చిన్నపిల్లల నోట్లో పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. 250 మిల్లీలీటర్ల గిన్నె లెక్కలో, ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు పూటకు సగం దాకా రోజుకు రెండు మూడు సార్లు, తొమ్మిదో నెల నుంచి సగం గిన్నె మూడు నాలుగు సార్లు, ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె. తల్లిపాలు దీంతో పాటే, దీని బదులు కాదు.

నెలనెలా తూకం ఎక్కడ చూపించినా మెషిన్ను ముందు పరీక్షించండి. చౌకడిపో నుంచి ముద్ర ఉన్న 5 కిలోల రాయి తెచ్చి పెట్టి చూస్తే తెలుస్తుంది. చాప మీద, గతుకు నేల మీద పెడితే లెక్క తప్పుతుంది. రెండేళ్ల లోపు వాళ్లను పడుకోబెట్టి, ఆపైన నిలబెట్టి కొలవాలి. రెండేళ్లు దాటిన పిల్లను పడుకోబెట్టి కొలిస్తే వచ్చిన అంకెలోంచి 0.7 సెం.మీ. తీసేయాలి. పడుకోబెట్టి కొలవడానికి ఇద్దరు కావాలి, ఒకరు తల పలకకు ఆనించి పట్టుకుంటే ఇంకొకరు మోకాళ్లు నొక్కి పాదాలు చూడాలి. ఒక్కరే చేసిన కొలతల్లో బిడ్డ పోయిన నెల కంటే పొట్టి అయినట్టు కనబడుతుంది. అలాంటి అంకె చూస్తే మళ్లీ కొలవమని అడగండి, సిగ్గుపడొద్దు.

ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు జబ్బ చుట్టుకొలత టేపు ఒకటి చేతిలో ఉంచుకోండి. ఎడమ చెయ్యి, భుజం ఎముక చివరకు, మోచేతికి సరిగ్గా మధ్యన. 12.5 సెం.మీ. కంటే తక్కువైతే ఏఎన్ఎంకు చెప్పాలి. 11.5 కంటే తక్కువైనా, రెండు పాదాలూ ఉబ్బి వేలితో నొక్కితే గుంట పడినా, నెలవారీ ఆరోగ్య దినం దాకా ఆగకుండా ఆరోజే ఆసుపత్రికి.

టౌన్ వైపు:

ఒక్క మాట. హోటళ్ల పనికి, ఇటుక బట్టీలకు వచ్చి మీ కాలనీలో అద్దెకున్న వాళ్ల పిల్లల్ని జాబితాలోంచి వదలొద్దు. బిడ్డకు ఆధార్ లేదని పేరు ఎక్కించకపోతే తల్లి ఆధార్‌తో నమోదు చేయమని అడగండి, అది చెల్లుతుంది. వేరే ఊళ్లో ఇప్పటికే నమోదై ఉంటే పోషణ్ ట్రాకర్‌లో వలస మార్పు చేయించుకోవాలి. అది చేయకుండా కొత్తగా ఎక్కిస్తే పేరు రెండుసార్లు పడి, రెండు చోట్లా ఆగిపోతుంది. మీ లెక్కలో ఆ పిల్లలు చేరారో లేదో మళ్లీ చూసుకోండి.

కాలనీ అమ్మ:

చూశాం, మొదటి లెక్కలో వాళ్లను వదిలేశాం. రెండు ఇళ్లలో ముగ్గురు పిల్లలు. మొత్తం 46. తల్లుల చేత సంతకాలు పెట్టిస్తున్నాం. తీర్మానం మాటలు ఎలా ఉండాలో ఒకరు రాసిపెడితే ఈ ఆదివారం సంఘాల సమావేశంలో చదువుతాం.

సెక్టారు లెక్క:

ఇలా రాసుకోండి: "మా పంచాయతీ పరిధిలోని ఫలానా కాలనీలో ఫలానా తేదీ నాటికి 520 జనాభాకు తోడు, జతచేసిన జాబితా ప్రకారం వలస కుటుంబాలు రెండు ఉన్నవి. ఆరేళ్ల లోపు పిల్లలు 46 మంది. సమీప అంగన్‌వాడీ కేంద్రం 1.8 కి.మీ. దూరంలో, ప్రధాన రహదారికి అవతల ఉన్నది. కాలనీకి మెయిన్ అంగన్‌వాడీ కేంద్రం మంజూరు చేయవలసినదిగా, లేదా తక్కువ హాజరు ఉన్న కేంద్రాన్ని మార్చవలసినదిగా, తల్లుల పనివేళలకు తగినట్లు క్రెష్ కలపవలసినదిగా కోరుచున్నాము. తాత్కాలికంగా ఫలానా ఇల్లు అద్దెకు అందుబాటులో ఉన్నది. సొంత భవనం, ప్రహరీ, మరుగుదొడ్డి, నీటి పనులను పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో బాలల నేస్త గ్రామం అంశం కింద చేర్చుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

జాబితాలో కూడా జనాభా మొత్తం మళ్లీ కూడి, 46కు సరిపోయేలా వయసు విడగొట్టి రాయండి. పాత 43 ఒక కాగితంలో, కొత్త 46 ఇంకో కాగితంలో ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది.